ఊద్‌కి కొమ్మిస్తే

జూన్ 3

మహారాజశ్రీ పోలీసు బ్యాండు బావగారికి, బస్సుల సొట్టలు తీసే బావమరిది సెల్యూట్ కొట్టి (ఎడమ చేత్తో, కుడి చేతిలో సుత్తి ఉంది మరి) రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా సుత్తీ, పైవాటా టైలరూ, ఆయన మిషనూ. ఆ మిషను ఈమధ్య పగలే గురక పెడుతోంది.

అక్క ఫోన్‌లో అంతా చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిందగ్గర్నుంచీ నువ్వు గది గుమ్మం దాటడం లేదట. కిటికీకి వీపు పెట్టి పడుకుంటావట. క్లారినెట్ పెట్టె బీరువా మీదికెక్కిందట. మధ్యాహ్నం కునుకులో మాత్రం నీ వేళ్ళు దుప్పటి అంచు మీద ఆడుతుంటాయట, క్లారినెట్ రంధ్రాలు మూస్తున్నట్టు, తెరుస్తున్నట్టు. "ఏదో పాటే వాయిస్తున్నారురా. ఏం పాటో తెలిసి చావదు, చప్పుడు లేదుగా" అంది. అని ఊరుకుందా, ముక్కు చీదింది. సరిగ్గా నా చెవిలో చీదింది.

అందుకని నీకోసం ఒకటి చూశాను బావా. నిన్న వాన పట్టుకుంటే గొడుగులు బాగుచేసేవాళ్ళ సందులో ఒక అరుగెక్కి నిలబడ్డాను. వెనక దుకాణంలోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎలా చెప్పను? పెద్ద రేకు తొట్టిలోకి ఎవరో చందమామని జారవిడిస్తే, అది అంచులకి తగులుకుంటూ తిరిగి తిరిగి, ఆగడానికి మనసొప్పక ఇంకా తిరుగుతూ ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. గొడుగులాయన వచ్చి భుజం తట్టాడు. "వాన ఆగి చాలాసేపయింది, నా అరుగు నాకిస్తారా?" అన్నాడు.

దాని పేరు ఊదు. నీకు అచ్చంగా సరిపోతుంది. పాతది, కాస్త సొట్టబోయింది, ఆ లెక్కన కూడా నీకే సరిపోతుంది. పొద్దున్నే వెళ్ళి కొనేశాను. మిగతా సంగతులు తర్వాత. ఫోర్‌మన్ ఇటే వస్తున్నాడు. ఈ కాగితం బస్సు బానెట్ మీద పెట్టి రాస్తున్నాను కాబట్టి గీతలు వంకరపోతే తప్పు బానెట్‌ది.

ఇట్లు, నీ ఆరోగ్యం కోరేవాడూ, నీ వస్తువులు అప్పుడప్పుడూ పాడుచేసేవాడూ అయిన
బావమరిది


జూన్ 9

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాల్లో ఒక్కోదానికి ఒక్కో జబ్బు. అయినా ఒక్క మాట మాత్రం ముత్యంలా రాశావు. ఊదు.

ఊపిరితిత్తి సగం కోసి తీసేసినవాడికి ఊదేది కొన్నావా? డాక్టరు నా ఎదురుగా కూచుని ఏమన్నాడో తెలుసా? "మాస్టారూ, క్లారినెట్ సంగతి దేవుడెరుగు, ఇకమీదట వేడి కాఫీ కూడా ఊదుకుంటూ తాగకండి" అన్నాడు. అప్పట్నుంచీ మీ అక్క కాఫీ చల్లార్చి ఇస్తోంది. పొద్దున్నే ఆ చల్లారిన కాఫీ చూస్తే అద్దంలో నా మొహం చూసుకున్నట్టే ఉంటుంది.

నీకు ఇది కొత్తేం కాదులే. ఆ కవాతు రోజు నా క్లారినెట్‌లో సబ్బునీళ్ళు పోసింది ఎవరు? పెద్దాఫీసర్లంతా బిగుసుకుని నిలబడి ఉంటే నా గొట్టంలోంచి బుడగలొచ్చాయి. ఒకటి వెళ్ళి కమిషనరుగారి టోపీ మీద కూచుంది. ఆ తర్వాత మంత్రిగారి పీఏ గొంతు పెట్టి ఫోన్ చేసి, మా బ్యాండు మొత్తాన్ని యూనిఫారాలతో ఒక మూతబడ్డ సినిమాహాలు ముందు నిలబెట్టిందెవరు? అందుకే కదా నువ్వు నాకు ఫోన్ చెయ్యకూడదని శాసనం పెట్టాను. ఇంట్లో సంగతులన్నీ నీకు మోసినందుకు ఇవాళ్టి నుంచి మీ అక్కకీ అదే శాసనం. ఇప్పుడు గొంతు కూడా బొంగురుపోయింది కాబట్టి ఫోన్‌లో తిట్టే సుఖం కూడా లేదు. కాగితం మీద తిడుతున్నాను.

సొంతదే అయినా క్లారినెట్‌ని జూలై నెలాఖరుకి బ్యాండు ఆఫీసుకి ఇచ్చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళెవరైనా వాడుకుంటారు. అది గడప దాటాక ఈ ఇంట్లో సంగీతం మాట ఎవరూ ఎత్తకూడదు. దుప్పటి మీద వేళ్ళంటావా, కొన్నాళ్ళకి వాటికే విసుగొస్తుంది.

నీ ఊదు నువ్వే ఊదుకో.

బావ


జూన్ 14

బావగారి కోపానికి,

(బావగారికి తర్వాత రాస్తాను. ముందు కోపంగారు దిగాలి.)

నా చదువు సంగతి నీకు తెలుసు. బడిలో బల్ల మీద పేర్లు చెక్కడం వరకూ బాగా అబ్బింది, పుస్తకం తెరిచేసరికి నిద్రొచ్చింది. బయటి మాట ఏది దొరికినా దాని తోకకి ఒక కొమ్ము తగిలించడం నాకు అలవాటు. బస్ వస్తే బస్సు అంటాను. రోడ్‌ని రోడ్డు అంటాను. గేర్ నా చేతిలో పడితే గేరు. ఇదీ అలాగే నా నోట్లో పడింది. దాని అసలు పేరు ఊద్. దకి పొల్లు పెట్టాలట. నేను కొమ్మిచ్చాను. కొమ్మివ్వగానే అది నిజంగానే కొమ్ముబూరై కూచుని నీ చెవిలో ఊదింది. ఒక్క కొమ్ముకి ఇన్ని తిట్లా బావా!

ఊద్ ఊదేది కాదు. మీటేది.

దుకాణం నడిపేది ఒక పెద్దావిడ. కళ్ళజోడు మెడలో, కళ్ళు మాత్రం వాద్యాల మీద. ముందు ఆవిడ నాకు అసలు ఊద్ చూపించింది. నిలువునా కోసిన పెద్ద జామకాయలా ఉంటుంది పొట్ట, అంతా చెక్క. "అరబ్బుల వాద్యం. ఊద్ అంటే వాళ్ళ భాషలో కర్ర" అంది. మీటి చూపించింది. మెత్తగా ఉంది. దిండులో మొహం పెట్టుకుని ఎవరో మనసులో మాట చెబుతున్నట్టుంది. కానీ చెప్పీ చెప్పకుండానే ఆరిపోతోంది. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఆసుపత్రిలో నువ్వు మాట మొదలుపెట్టి, మధ్యలో గాలి చాలక, మిగతాది చేత్తో చూపించేవాడివి చూడు, అలా.

"నిన్న వానలో మోగింది ఇది కాదండీ" అన్నాను.

అప్పుడు గోడ మీంచి ఇంకోటి దింపింది. ఊద్‌ని చూసి ముచ్చటపడి ఎవరో చేసిన చెల్లెలట. చెక్కపొట్ట బదులు అల్యూమినియం గిన్నె, గిన్నె నోటికి బిగించిన చర్మం, పొడుగాటి మెడ, దాని మీద జంటలు జంటలుగా ఉక్కు తీగలు. మెడ మీద వీణకున్నట్టు మెట్లు లేవు. నున్నగా, కాలవగట్టులా ఉంది. "చూసినవాళ్ళంతా వంటపాత్ర అనుకుంటారు, నువ్వూ అనుకున్నావు కదూ?" అంది. అనుకున్నాను. ఆవిడ తీగ మీటి చెయ్యి తీసేసింది. గొళ్ళెం వేసి వీధిలోకి వెళ్ళిపోయినా అది లోపల మోగుతూనే ఉంటుందనిపించింది. రేకు గురించి నాకు చెప్పేదేముంది, రోజూ దాని ఒళ్ళు నిమిరేవాణ్ణి కదా. వేలి కణుపుతో గిన్నె తట్టి చూశాను. పక్కన ఒక సొట్ట ఉంది, చప్పుడు అక్కడికొచ్చి తడబడుతోంది.

"ఎవరికి?" అంది ఆవిడ.

"మా బావకండీ. క్లారినెట్ వాయించేవాడు. ఇప్పుడు ఊపిరి చాలదు."

ఆవిడ మెడలో కళ్ళజోడు తీసి పెట్టుకుని నన్ను చూసింది. తర్వాత, "ఊదినవాళ్ళకి ఇది తొందరగా లొంగుతుంది. మెట్లు లేవు కదా, స్వరం ఎక్కడ ఆగాలో లోపల తెలిసినవాళ్ళకే దారి దొరుకుతుంది. ఉక్కు తీగలదే తీసుకెళ్ళు" అంది.

నేను ఉక్కు తీగలది ఎందుకు తీసుకున్నానో ఒక్క ముక్కలో చెప్తాను, నవ్వకు. నీ ఊపిరి పొట్టిదైంది. దీని ఊపిరి పొడుగు. నువ్వు ఒక్క వేలితో అను చాలు, మిగతా పాటంతా అదే ఊపిరి పీల్చుకుంటూ పాడుతుంది.

మధ్యాహ్నం వర్క్‌షాపులో అందరూ తిండి తింటుంటే చర్మం చట్రం విప్పి, చెక్కసుత్తితో లోపలినుంచి ఆ సొట్ట తీశాను. దెబ్బ దెబ్బకీ గిన్నె గొంతు తేరుకుంటోంది. జలుబు చేసిన మనిషి ఎండలో కూచుంటే తేరుకున్నట్టు. బస్సులన్నీ వరసగా నిలబడి వింటున్నట్టే ఉన్నాయి. ఫోర్‌మన్ కూడా కేకెయ్యడం మానేసి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన్ని నోరు మూసుకుని ఉండగా చూడటం అదే మొదలు.

రేపు పార్సిల్ చేస్తున్నాను. చర్మానికి తడి తగలనివ్వొద్దని అక్కకి చెప్పు.

నీ కొమ్ముల
బావమరిది


జూన్ 22

ఒరేయ్,

సంజాయిషీ రాస్తావేమోనని చూశాను. ఉత్తరం రాలేదు. డప్పు వచ్చింది.

ఊదలేకపోతే కొట్టుకో అనా నీ ఉద్దేశం? పెట్టె విప్పేసరికి గిన్నెకి చర్మం బిగించి ఉంది. పక్కన ఒక బొక్క, దానికో మర. ఒక చీటీ లేదు, మాట లేదు. మీ అక్క దాన్ని నాలుగువైపులా తిప్పి, "పప్పు నానేసుకోవచ్చేమో అనుకున్నా, పైన మూసేసి ఉందే" అంది. తర్వాత నా మొహం చూసి నవ్వాపుకుంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. నవ్వేస్తే పోయేది.

దాన్ని బోర్లించి వరండా పిట్టగోడ మీద పెట్టేసింది. సాయంత్రం వానొచ్చింది. చూరులోంచి కారే చుక్క సరిగ్గా ఆ గిన్నె వీపు మీద పడటం మొదలుపెట్టింది. టంగుమంటుంది, ఆ టంగు సాగి సాగి తర్వాతి చుక్కని అందుకుంటుంది. కళ్ళు మూసుకుంటే ఏదో పొడుగాటి వంతెన మీద ఎవరో దీపాలు ఒక్కోటే వెలిగించుకుంటూ పోతున్నట్టు. మీ అక్కని తీసెయ్యమన్నాను. తియ్యడానికి వెళ్ళింది. "ఉండనీలే, వాన ఎలాగూ ఆగుతుందిగా" అన్నాను.

అది వేరే సంగతి. నువ్వు చేసింది మాత్రం బాగాలేదు. సబ్బునీళ్ళకి కోపం తెచ్చుకున్నాను, సినిమాహాలుకి కోపం తెచ్చుకున్నాను. దీనికి కోపం కూడా రాలేదు. నీరసం వచ్చింది. ఇకమీదట నీ కవర్లు విప్పను.

బావ


జూన్ 27

బావా, ఆగాగు!

డప్పు కాదు, పొట్ట! మెడ ఇంకా నా దగ్గరే ఉంది!

పార్సిల్ ఆఫీసులో ఒక టేపు మనిషి ఉన్నాడు. లోకంలో ఉన్నవన్నీ టేపుతో కొలవడానికే పుట్టాడు. వాద్యాన్ని అటూ ఇటూ కొలిచి, "ఇంత పొడుగు తీసుకోం" అన్నాడు. "కాస్త వంచి తీసుకోండి" అన్నాను. నవ్వలేదు. అక్కడే మర విప్పి మెడ ఊడదీసి పొట్టని మాత్రం పంపాను. సంజాయిషీ ఉత్తరం ముందే రాశాను బావా, ఒట్టు. పోస్టు చేశాననే అనుకున్నాను. ఇవాళ పనిబట్టలు ఉతకబోతే జేబులోంచి బయటికొచ్చింది, ఒక మూల గ్రీజు మరకతో. అదీ ఇదీ ఒకే కవర్లో పెడుతున్నాను. ముందు గ్రీజుది చదువు.

పొట్ట నీ దగ్గరికి పోకముందు నేను కూడా కొంత వాయించాననుకో. వాయించానంటే, వాయించబోయాను. సుత్తి పట్టి కాయలు కాసిన వేళ్ళు కదా, ఉక్కు తీగ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. అది నా కాయల్ని కూడా కోసింది. ఎక్కడ నొక్కినా ఏదో ఒక స్వరం వస్తుంది, కానీ అది నేనడిగిన స్వరం కాదు. వీధిలో ఎవర్నో పిలిస్తే ఇంకెవరో తిరిగి చూసినట్టు. పైవాటా టైలరు కిందికి దిగొచ్చి, "ఏమైనా తెగిందాండీ?" అని అడిగాడు. "నా పరువు" అన్నాను. "కుట్టడానికి వీలుపడదండీ" అని వెళ్ళిపోయాడు.

అయినా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేలు దానంతటదే జారి ఒకచోట ఆగింది. నువ్వు మెడ వెనక్కి వాల్చి ఊదుతూ స్వరాన్ని అలా అలా పైకి తీసుకెళ్ళేవాడివి చూడు, అదొచ్చింది. ఉలిక్కిపడి చుట్టూ చూశాను. మళ్ళీ రాలేదు. నాకెందుకొస్తుంది, అది నీ ఇంటిపేరుగలది.

రేపు మెడ పంపుతున్నాను, తీగలతో సహా. కర్రలా ఉంటుంది, కంగారుపడకు.

నీ నిజం చెప్పే
బావమరిది


జూలై 5 (కార్డు)

కర్ర అందింది.

నడవలేననుకున్నావు కాబోలు. పిడికి రెండువైపులా చెవులున్నాయి, పట్టుకుంటే గుచ్చుకుంటున్నాయి. పైగా ఆ పొడుగుకి దాన్ని ఊతగా పట్టుకోవాలంటే నేను నేల మీద పాకాలి. ఆకుపచ్చ కాగితంలో తీగ చుట్ట కూడా చూశాం. బట్టలారేసుకోవడానికి పనికొస్తుందంది మీ అక్క. మొన్న వచ్చిన నీ కవరు విప్పలేదు, పరుపు కింద పెట్టాను. ఇకముందు వచ్చేవీ అక్కడికే.

బావ


జూలై 10 (కార్డు)

బావా,

కార్డుని విప్పక్కర్లేదు కాబట్టి కార్డు రాస్తున్నాను. గిన్నె పక్కన బొక్క ఉంది. కర్ర మొదలు అందులో దూరుతుంది. మర బిగించు. తీగలు ఆకుపచ్చ కాగితంలో ఉన్నాయి. అది వాద్యం. ఊదక్కర్లేదు.

ఒక్కసారి కలిపి చూడు. నచ్చకపోతే క్లారినెట్‌తోపాటు దాన్నీ ఇచ్చెయ్యి. నేను మళ్ళీ ఏమీ పంపను.

బావమరిది


జూలై 19

ఒరేయ్,

నీ ఒంట్లో ఎలా ఉంది? ముందు అది రాయి.

నీ కార్డు చూసి భయపడ్డాను. ఇన్నేళ్ళలో నీ దగ్గర్నుంచి వెటకారం లేని వాక్యం ఒక్కటి ఎరగను. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. ఎక్కడా పంటి గుర్తు లేదు. మీ అక్కకిస్తే చదివి మంచం మీద కూలబడింది. "వాడికేదో అయిందండీ, కామెర్లేమో" అంది. ఫోన్ చేద్దామంటే శాసనం పెట్టినవాణ్ణి నేనే. ఆసుపత్రి కాగితమేమైనా పెట్టావేమోనని పరుపు కింద కవరు తీసి విప్పాను.

రెండు ఉత్తరాలూ చదివాను. మీ అక్క భుజం మీంచి చదివింది. కొమ్ము దగ్గర పకపకా నవ్వింది. ఊపిరి దగ్గరికొచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

పిట్టగోడ మీది గిన్నె నేనే వెళ్ళి తెచ్చాను. గుమ్మం దాటానని వరండాలోకి వెళ్ళాకగానీ గమనించలేదు. వాన వెలిసి ఉంది. పిట్టగోడంతా మెరుస్తోంది. మీ అక్క పాత చీరతో చర్మం తుడిచి, నీడలో ఆరబెట్టింది. కూరలు తరిగే కత్తి మొనతో మర బిగించాను. తీగలు ఎక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. శ్రుతి దేనికి చెయ్యాలో తెలియలేదు. చూరు చుక్క ఇంకా చెవిలో ఉంది కదా, మొదటి జంటని దానికి కలిపాను. మిగతావి దాని వెనకే వచ్చాయి.

అంతా అయ్యాక మీటడానికి ఏమీ లేదు. మీటే పుల్ల పంపడం మర్చిపోయావురా సన్నాసీ. దువ్వెన పన్ను విరిచాను, మరీ కరుకుగా పలికింది. గోరు ఆనలేదు. అప్పుడు బీరువా మీది పెట్టె దింపాను. క్లారినెట్ నోటి దగ్గర అదిరే రెల్లు పలక ఉంటుంది చూడు, రీడు. ఆఖరుసారి ఊదినది అలాగే ఉంది, నా పంటి నొక్కుతో సహా. దాని సన్న మొనని వేళ్ళమధ్య దాచి, మందపు వైపుతో తీగని తాకాను.

ఎలా చెప్పను నీకు? నేను ఊపిరి బిగబట్టి విన్నాను. నా ఊపిరి ముందు అయిపోయింది. అదింకా మోగుతూనే ఉంది. నేను మళ్ళీ గాలి పీల్చుకుని వచ్చేదాకా నాకోసం ఆగి ఉంది.

వేళ్ళు మొదట్లో రంధ్రాలు వెతుక్కున్నాయి. మెడ నున్నగా ఉందాయె, వెతుక్కుంటూ వెతుక్కుంటూ జారిపోయాయి. ఆ జారడమే కదరా నేను ఇన్నేళ్ళూ సగం రంధ్రం మూసి, పెదవి బిగించి, నానా తంటాలూ పడి రప్పించింది! ఇక్కడ దారి మొత్తం తెరిచే ఉంది. వేళ్ళ కొనలు కోసుకుపోయాయి. మధ్యలో నిద్రపోయానో మేలుకునే ఉన్నానో తెలియదు. కిటికీలోంచి వెలుతురు గిన్నె మీద పడి, దాని మచ్చ పైకప్పు మీద అటూ ఇటూ ఈదుతోంది. నేను దాన్ని చూస్తున్నాను, వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. వంటింట్లోంచి మీ అక్క తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఓహో, ఇదా ఆ పాట" అంది.

"ఏ పాట?"

"దుప్పటి మీద వాయించేది."

ఎదురింటాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం చేస్తున్నారు మాస్టారూ?" అని కేకేశాడు. మీటుతున్నానని చెప్పబోయాను. నా చేతిలో రీడు ఉంది, దాని మీద నా పంటి నొక్కు ఉంది. "ఊదుతున్నానండీ" అన్నాను. ఆయన కాసేపు చూసి తల లోపలికి తీసుకున్నాడు.

కాబట్టి నీ కొమ్ము నువ్వు పెట్టినచోటే ఉండనీ. ఆ పొల్లు మాకక్కర్లేదు. ఈ ఇంట్లో దాని పేరు ఊదు.

ఇంకో సంగతి. ఆ కవాతు రోజు బుడగలొస్తుంటే నేను ఊదడం ఆపలేదు. ఎందుకాపలేదో నువ్వెప్పుడూ అడగలేదు. అవి ఎంత పైకి పోతాయో చూద్దామని. ఒక్కోదాంట్లో ఒక్కో స్వరం కూచుని పోతున్నట్టుంది నాకు. తిట్టాలి కాబట్టి తిట్టాను. నిన్న సాయంత్రం ఆ గిన్నె ఒళ్ళో ఉండగా కునుకుపడితే, మళ్ళీ అవే వచ్చాయి.

క్లారినెట్‌ని బ్యాండు ఆఫీసుకి ఇవ్వడం లేదు. దీన్ని పంపినవాడికి అది ఇవ్వకపోతే బాగుండదు. ఇవాళే పార్సిల్ చేశాను, ముక్కలుగా ఊడదీసి, నీ టేపు మనిషికి కోపం రాకుండా. కొత్త రీడు ఒకటి పెట్టాను, పాతది ఇవ్వను. లోపల శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఊదేముందు గొట్టంలో కాసిని నీళ్ళు పోసి తడుపు, లేకపోతే గొంతు పట్టేస్తుంది. ఇది చెక్కది కాదులే, నీళ్ళకేం కాదు. ఇంకో మాట. ఒంటరిగా ఊదకు, సిగ్గు పోదు. పదిమంది ముందు ఊదు. ఫోర్‌మన్ ఉంటే మరీ మంచిది.

ఒంట్లో ఎలా ఉందో రాయడం మర్చిపోకు.

నీ బావ


ఆగస్టు 1

సబ్బు బావగారికి,

నాకు కామెర్లు లేవు. సిగ్గు ఉండేది, అది మీ చలవ వల్ల మొన్న పోయింది.

పార్సిల్ వర్క్‌షాపుకే వచ్చింది. నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకుని (గ్రీజు చేత్తో, అది వేరే కథ) అందర్నీ పిలిచాను. "మా బావ జీవితమంతా వాయించిన క్లారినెట్, నాకిచ్చాడు" అని చెప్పాను. అందరూ పనిముట్లు కింద పెట్టి వచ్చారు. ఫోర్‌మన్ టోపీ తీశాడు. నువ్వు చెప్పినట్టే ముక్కలు కలిపి, కాసిని నీళ్ళు పోసి, మెడ వెనక్కి వాల్చి ఊదాను.

ముందు కోడిని తొక్కినట్టు ఒక కూత వచ్చింది. తర్వాత బుడగ వచ్చింది.

శుభ్రంగా కడిగానంటే దేంతో కడిగావో అడగాల్సింది నేను. కడిగినవాడివి నీళ్ళతో తొలవకుండా ఆరబెట్టావు కదూ? పోలీసు ఉద్యోగం చేసిన మనిషివి నీకిదేం బుద్ధి! ఇన్నేళ్ళు ఎలా ఆపుకున్నావయ్యా?

వర్క్‌షాపంతా గొల్లుమంది. ఆపమన్నారు. "ఒరే ఆపరా, ఇంజన్లలోకి పోతున్నాయి" అని ఫోర్‌మన్ అరిచాడు. నేను ఆపలేదు బావా. ఆపుదామనే అనుకున్నాను. కానీ అవి బస్సుల పక్కనుంచి ఒక్కోటే లేస్తున్నాయి, కొత్తగా రంగేసిన రేకుల మీద వాటి నీడలు కూడా లేస్తున్నాయి. ఎప్పుడూ పడుకుని బస్సుల అడుగులు చూసే మనుషులు తలలెత్తి నిలబడ్డారు. నా కూత కూడా కాస్త మెత్తబడింది. ఒక్కోదాంట్లో కూచుని పోయేది నీ స్వరం కాదులే, నా కోడి అరుపే. అయినా పోతోంది కదా పైకి.

చాలావరకు కప్పుకి తగిలి పగిలాయి. ఒకటి మాత్రం రేకు చిల్లులోంచి బయటపడింది. బయటికి పరిగెత్తి చూశాను. ఎండలో కాసేపు కనిపించింది, తర్వాత మీవైపు పోయింది. గాలి కూడా అటే ఉంది.

నువ్వు ఊదేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకో. దానికి వీపు పెట్టి మాత్రం పడుకోకు.

ఇట్లు, నీ క్లారినెట్ పాడుచేస్తున్న
బావమరిది